తామర తగ్గినట్టే తగ్గి మళ్ళీ ఎందుకొస్తుంది? షుగర్ ఉన్న అమ్మకు అంటితే బ్లాక్ ఫంగస్ అవుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా: రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని. గజ్జల్లో మొదలైన తామర నడుము చుట్టూ, పిరుదుల మీదికి పాకి ఎనిమిది నెలలైంది. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే రెండు రోజుల్లో దురద పోతుంది, మానేస్తే వారం తిరక్కుండానే ముందుకంటే ఎక్కువగా వస్తుంది. ఇప్పుడు పాపకు చెంప మీద ఒక రింగు, షుగర్ ఉన్న అమ్మగారికి రొమ్ముల కింద ఎర్రగా ఒరిసిపోయి మంట. ఇది రక్తంలోకి దిగిందా, అమ్మకు బ్లాక్ ఫంగస్‌గా మారుతుందా అన్నది మీ భయం.

సూటిగా చెప్తాను. ఇది రక్తంలో లేదు. బ్లాక్ ఫంగస్‌గా మారదు, అది వేరే జాతి. మీకు తగ్గకపోవడానికి కారణాలు మూడు: ట్యూబులో దాదాపు ఖాయంగా స్టెరాయిడ్ ఉంది; ఫంగస్‌ను చంపే మందు చాలినన్ని రోజులు పడలేదు; ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి వైద్యం జరగలేదు. అమ్మగారికి ఉన్నది తామర కాకపోవచ్చు. మీరు చెప్పిన చోటు, మంట చూస్తే కాండిడా అనే ఈస్టు రకం ఫంగస్ అయ్యే అవకాశం ఎక్కువ, దాని మందు కొంచెం వేరు. ఈ ముగ్గురినీ ఒకే ట్యూబుతో నయం చేయాలని చూడకండి.

ముందు ఆ ట్యూబు చేతిలోకి తీసుకుని వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథాసోన్, బెక్లోమెథాసోన్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏ పేరు ఉన్నా అది స్టెరాయిడ్. దాని పక్కనే ఆఫ్లాక్సాసిన్, నియోమైసిన్, జెంటామైసిన్ లాంటి ఒక యాంటీబయాటిక్, ఆర్నిడజోల్, చివర ఒక ఫంగస్ మందు ఉంటాయి. ఒకే ట్యూబులో నాలుగు మందులు. తామరకు కావలసింది అందులో ఆఖరిది ఒక్కటే. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది, ఫంగస్‌ను తాకదు.

స్టెరాయిడ్ చేసే పని ఏమిటంటే, ఒంటి పోరాటాన్ని ఆపేస్తుంది. ఎరుపు, దురద, వాపు అనేవి ఫంగస్ నేరుగా చేసేవి కావు, దాన్ని తరిమేయడానికి చర్మం చేసే గొడవ అది. స్టెరాయిడ్ రాయగానే గొడవ సద్దుమణుగుతుంది, మనకు తగ్గినట్టు అనిపిస్తుంది. ఫంగస్ మాత్రం అడ్డం లేకుండా పాకుతుంది. ట్యూబు మానేసిన రోజు చర్మం మేలుకుంటుంది, అప్పటికి ఫంగస్ రెట్టింపు జాగా ఆక్రమించి ఉంటుంది. మీరు "మానేస్తే ఎక్కువైంది" అన్నది ఇదే.

ఇలా స్టెరాయిడ్ తిన్న తామర ఆకారం కూడా మారిపోతుంది. మామూలు తామరలో అంచు కాస్త ఎత్తుగా, ఎర్రగా, పొట్టు రాలుతూ ఉంటుంది, మధ్యలో తేటగా ఉంటుంది. స్టెరాయిడ్ వాడినవాళ్ళలో రింగు లోపల ఇంకో రింగు కనిపిస్తుంది, లేదా అంచే చెరిగిపోయి నల్లటి మచ్చలా పరుచుకుంటుంది. గజ్జల్లో నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. తామర తగ్గినా ఆ చారలు పోవు. పాప చెంప మీద ఆ ట్యూబు ఒక్కసారి కూడా రాయకండి. 2018లో కేంద్ర ప్రభుత్వం క్లోబెటసాల్ లాంటి పూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా కౌంటర్ మీద దొరుకుతూనే ఉన్నాయి.

ఈ రోజే ఆపేయండి. ఆపిన వారం పది రోజులు దురద బాగా పెరుగుతుంది, దానికి సిద్ధపడండి. అందరూ ఓడిపోయేది ఈ పది రోజుల్లోనే, తట్టుకోలేక మళ్ళీ అదే ట్యూబు తీస్తారు. దురద కోసం రాత్రిపూట లెవోసెటిరిజిన్ లాంటి మాత్ర డాక్టరు రాస్తారు. దానికి నిద్ర మత్తు ఉంటుంది కాబట్టి మీ షిఫ్టు టైము డాక్టరుకు చెప్పండి, మెషీను దగ్గర పని కదా.

అసలు ఫంగస్ అంటే ఏమిటి, ఇంత మొండిగా ఎందుకుంటుంది?

ఇది తెలిస్తే మిగతావన్నీ అర్థమవుతాయి కాబట్టి కాస్త ఓపికగా చదవండి. ఫంగస్ మొక్క కాదు, బ్యాక్టీరియా కాదు. పుట్టగొడుగు, రొట్టె మీది బూజు, పిండిని పులియబెట్టే ఈస్టు, ఇవన్నీ ఒకే వంశం. దానికి పత్రహరితం లేదు కాబట్టి సొంతంగా ఆహారం తయారు చేసుకోలేదు. తన చుట్టూ ఎంజైములు వదిలి, బయటే ఆహారాన్ని అరగదీసి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది. చాలా రకాలు సన్నటి దారాల్లా పెరుగుతాయి, వీటిని హైఫాలు అంటారు. కాండిడా లాంటివి గుండ్రటి కణాలుగా మొగ్గలు తొడిగి పెరుగుతాయి. ఎండుకొబ్బరి చిప్ప మీద బూజు తుడిచేసినా రెండు రోజులకు మళ్ళీ పైకి రావడం చూసే ఉంటారు, లోపల దారాలు మిగిలి ఉండడమే దానికి కారణం. చర్మంలోనూ అంతే.

కణం నిర్మాణంలో ఫంగస్ బ్యాక్టీరియా కంటే మనకే దగ్గర. మన కణంలాగే దానికీ కేంద్రకం ఉంది. అందుకే దాన్ని చంపి మనల్ని వదిలేసే మందులు తక్కువ. రెండు తేడాలు మాత్రం మనకు ఆధారం. ఒకటి, మన కణం చుట్టూ గోడ లేదు, దానికి కైటిన్, గ్లూకాన్‌లతో కట్టిన గోడ ఉంది. రెండు, మన కణపు పొరలో కొలెస్టరాల్ ఉంటే దాని పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. తామరకు వాడే మందుల్లో ఎక్కువ భాగం ఈ ఎర్గోస్టెరాల్ తయారీనే దెబ్బకొడతాయి. టెర్బినాఫిన్ ఒక మెట్టు దగ్గర ఆపుతుంది, ఇట్రాకొనజోల్, ఫ్లూకొనజోల్, క్లోట్రిమజోల్, లులికొనజోల్ లాంటి "అజోల్" మందులు ఇంకో మెట్టు దగ్గర ఆపుతాయి.

తామర కలిగించేవి ట్రైకోఫైటాన్, మైక్రోస్పోరమ్, ఎపిడెర్మోఫైటాన్ అనే మూడు ప్రజాతులు. వీటి తిండి కెరటిన్, అంటే చర్మం పై పొర, వెంట్రుక, గోరు. చర్మం పై పొర చచ్చిన కణాల పొర, అక్కడ రక్తం తిరగదు. ఈ ఫంగస్‌కు 25 నుంచి 30 డిగ్రీల వేడి ఇష్టం, లోపలి 37 డిగ్రీలు దానికి పడదు. రక్తంలో ఇనుమును పట్టి ఉంచే ప్రోటీన్లు కూడా దాన్ని కిందికి దిగనివ్వవు. కాబట్టి "రక్తం చెడింది", "ఒంట్లో వేడి చేసింది" అనేవి వదిలేయండి. వంకాయ, చేపలు మానేయడం వల్ల తామర తగ్గదు.

అయితే అది పైపొరలోనే ఉండడం వల్ల ఒక చిక్కు ఉంది. మనం మింగిన మాత్ర రక్తం నుంచి ఆ చచ్చిన పొరలోకి మెల్లగా చేరాలి. ఫంగస్ పట్టిన పొర రాలిపోయి కొత్త పొర రావడానికి వారాలు పడుతుంది. ఏడు మాత్రలు వేసుకుని "పనిచేయలేదు" అంటే ఎలా? ఫంగస్ ఎక్కడ కూర్చుందో అదే మందు రకాన్ని, రోజుల లెక్కను నిర్ణయిస్తుంది. ఒంటి మీదైతే వారాలు, వెంట్రుక కుదుళ్ళలోనైతే నెలన్నర, కాలి గోటిలోనైతే మూడు నెలల మందు.

పరీక్ష చేయించుకోండి

ఎనిమిది నెలలు స్టెరాయిడ్ తిన్న మచ్చను కంటితో చూసి తేల్చడం కష్టం. కేఓహెచ్ పరీక్ష చాలా సులువైనది. మచ్చ అంచు దగ్గర స్పిరిట్‌తో తుడిచి, మొద్దు బ్లేడుతో పొట్టు గీకి గాజు పలక మీద వేస్తారు. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, పావుగంట ఇరవై నిమిషాలు ఆగుతారు. చర్మ కణాలు కరిగి తేటపడతాయి, ఫంగస్ గోడ కరగదు. మైక్రోస్కోపు కింద గాజు కణుపుల్లా అడ్డగీతలున్న, కొమ్మలు చీలిన దారాలు కనిపిస్తే తామర ఖాయం. గోరైతే ద్రావణం గాఢత పెంచి ఎక్కువ సేపు, ఒక్కోసారి రాత్రంతా ఉంచాలి.

తప్పు జరిగేది రెండు చోట్ల. మచ్చ మధ్యలో గీకితే ఏమీ దొరకదు, ఫంగస్ చురుగ్గా ఉండేది అంచులో. ఇక పరీక్ష రోజు దాకా ఫంగస్ క్రీమ్ రాసుకుని వెళ్తే ఉన్నా కనపడదు. వారం ముందు నుంచి ఏమీ రాయకండి, పౌడరు కూడా వద్దు. రిపోర్టు నెగెటివ్ అని వచ్చినా అనుమానం బలంగా ఉంటే మళ్ళీ గీకించాలి. కల్చర్, అంటే ఫంగస్‌ను పెంచి చూసే పరీక్ష అయితే, గీకిన పొట్టును సాబురాడ్ అగార్ అనే పోషక పదార్థం మీద నాటి నాలుగు వారాల దాకా చూస్తారు. మందులకు లొంగని కేసుల్లో అది అవసరం. తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మ వ్యాధుల ఓపీలో చూపించుకోవచ్చు. వెళ్ళేటప్పుడు మీరు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు అన్నీ సంచిలో వేసుకుపోండి. ఖాళీవైనా సరే.

మీకు మందు

ఇంత పాకిన తామరకు పూత ఒక్కటే చాలదు, మాత్ర కూడా కావాలి. ఏ మాత్ర అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే తేల్చాలి. నేను చెప్పేది ఎందుకు, ఎలా అన్నది.

పదిహేనేళ్ళ కింద టెర్బినాఫిన్ 250 మిల్లీగ్రాములు రోజుకొకటి రెండు వారాలు వేస్తే చాలామందికి పోయేది. ఇప్పుడు మన దేశంలో ట్రైకోఫైటాన్ ఇండోటినే అనే రకం బాగా వ్యాపించింది. 2020లో దానికి ఆ పేరు పెట్టారు. టెర్బినాఫిన్ పనిచేసే చోట, అంటే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైములో, మార్పు చేసుకున్న రకాలు ఇందులో చాలా ఉన్నాయి. వాటికి ఆ మాత్ర ఎక్కదు. అందుకే చాలామంది డాక్టర్లు ఇప్పుడు ఇట్రాకొనజోల్ వైపు వెళ్తున్నారు. మామూలుగా రోజుకు 200 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరు వారాలు, మీలాంటి స్టెరాయిడ్ కేసుల్లో ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో "వారానికి ఒక్క మాత్ర" అని ఇచ్చే ఫ్లూకొనజోల్ 150 ఈ స్థాయి తామరకు సరిపోదు.

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపు నిండా తిన్న వెంటనే వేసుకోవాలి. అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. మన దగ్గర ఏ చీటీ చూసినా పైన పాంటాప్రజోల్ ఉంటుంది, పొద్దున్నే పరగడుపున గ్యాస్ మాత్ర, ఆ తర్వాత ఈ క్యాప్సూల్. ఆమ్లమే లేకపోతే క్యాప్సూల్ సగం వృథా. ఫంగస్ మొండిదని అనుకునే కేసుల్లో ఈ గ్యాస్ మాత్రే అడ్డం పడడం తరచుగా చూస్తాం. మీరు గ్యాస్ మాత్ర వాడతా ఉంటే తప్పక చెప్పండి. గుండె బలహీనత ఉన్నవాళ్ళకు ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు. కొలెస్టరాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్‌తో కలపకూడదు, అటోర్వాస్టాటిన్ ఉన్నా డాక్టరుకు తెలియాలి. కాలేయం పరీక్ష ముందొకసారి, నెల దాటితే మళ్ళీ. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా ఆపి వెంటనే చూపించండి. ఇంట్లో గర్భిణి ఉంటే ఈ మాత్రలు ఆమెకు పనికిరావు, క్లోట్రిమజోల్ లాంటి పూతతో నడపాలి.

పూత విషయంలో జనం చేసే పొరపాటు పరిమాణం. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, అది వేళ్ళతో సహా మీ రెండు అరచేతులంత జాగాకు చాలుతుంది. గజ్జలు, నడుము, పిరుదులు కలిపి పన్నెండు అరచేతులంత ఉందనుకుంటే ఒకసారికి మూడు గ్రాములు. అంటే రోజుకొకసారి రాసే లులికొనజోల్ 30 గ్రాముల ట్యూబు పది రోజులకే అయిపోవాలి. పది గ్రాముల ట్యూబు నెలంతా వచ్చిందంటే రాసింది మందు కాదు, వాసన. స్నానం చేసి, మడతల్లో తడి పూర్తిగా ఆరాక, మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్లు బయటి నుంచి మొదలుపెట్టి లోపలికి రాయండి. మచ్చ పూర్తిగా పోయాక ఇంకో రెండు వారాలు రాయాలి. ఈ ఆఖరి రెండు వారాలు ఎవరూ రాయరు, అందుకే తిరగబెడుతుంది.

గజ్జల్లో వెంట్రుకలు కత్తిరించుకోండి, గొరగకండి. బ్లేడు చేసే చిన్న గాట్లు ఫంగస్‌కు దారులవుతాయి. వెల్లుల్లి నూరి కట్టడం, జిల్లేడు పాలు రాయడం ఈ పక్క ఊళ్ళలో ఇంకా ఉంది. రెండూ చర్మాన్ని కాలుస్తాయి, బొబ్బలతో వచ్చేవాళ్ళను చూస్తూనే ఉంటాం. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పాత తామర మందుల్లో బెంజాయిక్, సాలిసిలిక్ ఆమ్లాలు కలిసిన లేపనం ఒకటుంది, అది ఒంటి మీద మందం చర్మానికి పనిచేస్తుంది కానీ గజ్జల్లో, ముఖం మీద మండుతుంది. యాంటీసెప్టిక్ ద్రావణంతో స్నానాలు వద్దు, మామూలు సబ్బు చాలు.

బట్టలు, మొలతాడు, టవలు

రాలిన పొట్టులో ఈ ఫంగస్ బీజాలు నెలల తరబడి బతికే ఉంటాయి. కాబట్టి మందు ఎంత మంచిదైనా బట్టలు అలాగే ఉంటే గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. మొదట మొలతాడు. నడుము చుట్టూ మీకు పాకింది అంటున్నారు కదా, ఒకసారి మొలతాడు జరిపి దాని కింద చూడండి, పట్టీలాగా పొట్టు కనిపిస్తుంది. చెమట, తడి, సబ్బు అందులో ఎప్పుడూ ఆరవు. వైద్యం అయ్యేదాకా తీసేయండి. తీయడం ఇష్టం లేకపోతే కనీసం కొత్తది మార్చండి, వెండిదైతే తీసి వేడి నీళ్ళలో కడిగి ఆరబెట్టండి. ఆడవాళ్ళకు లంగా బొందు బిగించే చోట ఇదే కథ. బొందు రోజూ ఒకే గీత మీద బిగించకుండా, వెడల్పు పట్టీ ఉన్నది వాడితే మేలు.

మీ లోదుస్తులు, బనియన్లు, టవలు విడిగా, వేడి నీళ్ళలో నానబెట్టి ఉతకండి. చెయ్యి పెట్టలేనంత వేడి, 60 డిగ్రీల దాకా ఉండాలి. తిరగేసి, లోపలి కుట్లు పైకి వచ్చేలా ఎండలో ఆరేయండి, మడతల కుట్ల మీద ఇస్త్రీ పెట్టండి. మన ఎండ దీనికి మంచి సాయం, నీడలో గదిలో ఆరిన బట్ట వద్దు. యూనిఫారం సింథటిక్ అయితే లోపల వదులు కాటన్ డ్రాయరు వేసుకోండి, షిఫ్టు మధ్యలో ఒకసారి మార్చుకునేలా ఒకటి బ్యాగులో పెట్టుకోండి. బిగుతు జీన్సు ఈ రెండు నెలలు పక్కన పెట్టండి. ఒకరి టవలు ఒకరు వాడకూడదు, దుప్పట్లు విడిగా.

మీ పాదాలు, గోళ్ళు చూసుకున్నారా? సేఫ్టీ షూ వేసేవాళ్ళలో చాలామందికి మొదట కాలి వేళ్ళ సందుల్లో ఫంగస్ ఉంటుంది, డ్రాయరు తొడిగేటప్పుడు పాదం నుంచి గజ్జల్లోకి ఎక్కుతుంది. అందుకని ముందు సాక్సు వేసుకుని తర్వాత డ్రాయరు వేసుకోండి. గోరు పసుపుగా, మందంగా, పొడి రాలుతూ ఉంటే డాక్టరుకు చూపండి. అదే ఊట అయితే ఒంటి మీద ఎంత తగ్గినా మళ్ళీ వస్తుంది. కాలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది పైనే పడుతుంది, మందు మాత్రం సుమారు పన్నెండు వారాలు.

పాపకు

చెంప మీద ఒకే రింగు అయితే పూత మందు మూడు నాలుగు వారాలు చాలు, మాత్ర అక్కర్లేదు. కానీ తల తప్పకుండా చూడండి. ఎక్కడైనా రూపాయి బిళ్ళంత వెంట్రుకలు తెగి, పొట్టు రాలుతూ, నల్ల చుక్కల్లా కనిపిస్తే అది తలలో తామర. దానికి క్రీములు పనిచేయవు, ఫంగస్ కుదురు లోపల, వెంట్రుక లోపల ఉంటుంది. తిరుపతిలో ఇలాంటి పిల్లలకు కొండమీద గుండు చేయిస్తే పోతుందని తీసుకెళ్ళడం చూస్తుంటాం. మొక్కు మొక్కుగా తీర్చుకోండి, కానీ గుండుతో కుదురులోని ఫంగస్ పోదు, కొత్తగా వచ్చే వెంట్రుకలోకి మళ్ళీ ఎక్కుతుంది. గ్రైసియోఫల్విన్ అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, టెర్బినాఫిన్ అయితే నాలుగు నుంచి ఆరు వారాలు, పాప బరువు చూసి ఇస్తారు. చీము పట్టి మెత్తగా ఉబ్బితే అది గడ్డ అనుకుని కోయించకండి, ఫంగస్ మందుతోనే తగ్గుతుంది. ఇంట్లో పిల్లి పిల్లను పెంచుతుంటే దాని చెవులు, మూతి దగ్గర బొచ్చు ఊడిందేమో చూడండి.

పక్కింటివాళ్ళ పిల్లలకు వీపు మీద తెల్లగా, దురద లేకుండా వచ్చే శోభి మచ్చలు ఇది కాదు. అవి మలసీజియా అనే వేరే ఫంగస్. అది అందరి ఒంటి మీదా ఉంటుంది, చెమటకు పెరుగుతుంది. కీటోకొనజోల్ షాంపూతో పోతుంది, తెలుపు రంగు కలిసిపోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

అమ్మగారికి

కాండిడా దారాల తామర కాదు, ఈస్టు. మన నోట్లో, పేగుల్లో ఎప్పుడూ ఉంటుంది. చర్మం తడిగా, వెచ్చగా ఉండి, షుగర్ ఎక్కువైతే రెచ్చిపోతుంది. తామరలో అంచు ఎత్తుగా ఉండి మధ్యలో తేటగా ఉంటుంది, కాండిడాలో మధ్యంతా పచ్చి ఎరుపు, చుట్టూ విడిగా చిన్న చిన్న పొక్కులు. దీనికి టెర్బినాఫిన్ మాత్రలు పనికిరావు. మీకు ఏ మాత్ర రాసినా అది ఆమెకు ఇవ్వకండి. క్లోట్రిమజోల్ పూత రోజుకు రెండుసార్లు, మడతలో పలచని నూలు గుడ్డ పెట్టి గంటగంటకూ ఆరనివ్వడం, రవిక వదులుగా ఉండడం. చాలామందికి రెండు మూడు వారాల్లో తగ్గుతుంది.

రెండు సంగతుల కోసం మాత్రం ఆమె మందుల అట్టలు తీసి చూడండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అని ఉంటే ఆ మాత్రలు చక్కెరను మూత్రం ద్వారా పంపేస్తాయి. వీటితో ఆడవాళ్ళకు కింద దురద, తెల్లటి పెరుగులాంటి స్రావం తరచూ వస్తాయి, సిగ్గుతో చెప్పరు. మీరే, లేదా మీ ఇంట్లో ఆడవాళ్ళతో నెమ్మదిగా అడిగించండి. మాత్ర మీరంతట మీరు ఆపేయకండి, షుగర్ డాక్టరుతో మాట్లాడండి. ఇంకొకటి, గ్లిమెపిరైడ్ వాడుతున్నవాళ్ళకు ఫ్లూకొనజోల్ మాత్ర ఇస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబడడం వస్తే వెంటనే చక్కెర నీళ్ళు ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఆమె కాలివేళ్ళ సందులు కూడా రోజూ చూడండి. షుగర్ ఉన్నవాళ్ళకు అక్కడి ఫంగస్ చీలిక నుంచి బ్యాక్టీరియా దూరి కాలంతా వాచిపోతుంది. అలిపిరి మెట్లు ఎక్కాలనుకుంటే ఆ చీలికలు మానాకే.

బ్లాక్ ఫంగస్

దాని అసలు పేరు మ్యూకర్‌మైకోసిస్, ఎక్కువగా రైజోపస్ అనే బూజు వల్ల వస్తుంది. దాని బీజాలు మట్టిలో, కుళ్ళిన పళ్ళల్లో, గాలిలో ఎప్పుడూ ఉంటాయి, మనమంతా రోజూ పీలుస్తాం, ఏమీ కాదు. ఫంగస్ నల్లగా ఉండదు. అది రక్తనాళాల్లోకి చొరబడి రక్తం అందకుండా చేస్తే చచ్చిన కండ నల్లబడుతుంది. తామర ఫంగస్‌కు 37 డిగ్రీలు పడదన్నాను కదా, దీనికి ఆ వేడి బాగా పడుతుంది. షుగర్ అదుపు తప్పి రక్తంలో ఆమ్లం పేరుకున్నప్పుడు ఇనుము విడుదలవుతుంది, అది దీనికి ఇష్టమైన తిండి. 2021లో కోవిడ్ రెండో అలలో అదుపు లేని షుగర్, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు కలిసే అన్ని కేసులు వచ్చాయి. ఒకరి నుంచి ఒకరికి అంటదు. మీ తామర అమ్మగారికి అంటితే తామరే అవుతుంది.

గుర్తులు మాత్రం తెలిసి ఉండాలి: ముఖం ఒక పక్కే నొప్పి లేదా తిమ్మిరి, కన్ను వాపు, చూపు రెండుగా కనపడడం, ముక్కు నుంచి నల్లటి లేదా రక్తపు స్రావం, అంగిట్లో నల్ల మచ్చ, ఉన్నట్టుండి పళ్ళు కదలడం. షుగర్ ఉన్న మనిషికి వీటిలో ఏ ఒక్కటి వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి, రుయాకు గానీ స్విమ్స్‌కు గానీ. యాంఫోటెరిసిన్ బి ఇంజెక్షను, చచ్చిన కండ తీసేసే ఆపరేషను, షుగర్ అదుపు మూడూ ఒకేసారి నడవాలి. గంటలు లెక్క.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి, మన జిల్లాల్లో చెరకు, వరి పనులు చేసేవాళ్ళు ఎక్కువ. చెరకు ఆకు కంట్లో గీసుకుపోయాక ఎర్రబడి నీరు కారి, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ పడితే అది ఫంగస్ పుండు కావచ్చు, ఎక్కువగా ఫ్యూజేరియమ్ లేదా ఆస్పర్‌జిల్లస్. దానికి నాటమైసిన్ 5 శాతం చుక్కలు ఉన్నాయి. షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గి, లోపల కన్ను కరిగిపోతుంది. మీ ట్యూబు చర్మానికి చేసిన పనే అది కంటికి చేస్తుంది, కాకపోతే అక్కడ చూపు తిరిగి రాదు. అదే రోజు కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇక తగ్గిందని ఎప్పుడు అనుకోవాలి? పొట్టు రాలడం ఆగి, వేలితో తడిమితే అంచు ఎత్తు తగలకుండా, దురద పోయాక. నలుపు మాత్రం మూడు నాలుగు నెలలు ఉంటుంది, నడుము దగ్గర ఇంకా ఎక్కువ. అది ఫంగస్ కాదు, మంట తగ్గాక మిగిలిన రంగు. అనుమానముంటే కేఓహెచ్ మళ్ళీ చేయించండి, నెగెటివ్ వస్తే కొబ్బరినూనె రాసుకుంటూ వదిలేయండి. ఆ నలుపు పోవాలని "తెల్లబరిచే" క్రీము మాత్రం కొనకండి, వాటిలో చాలావాటి వెనక మళ్ళీ మొమెటాసోనే ఉంటుంది.